సెకండ్ హ్యాండ్ స్కూటర్ కొనాలి: హూడీ నుంచి బెళ్లందూరు రోజూ తిరగడానికి

హూడీ_చిన్ని
సొంతంగా బండి కొనడం నాకిదే మొదటిసారి, అందుకే అడుగుతున్నా. పీజీ హూడీలో, ఆఫీసు బెళ్లందూరులో, పోను 14 కిలోమీటర్లు, రాను 14. ఇన్నాళ్లూ రెండు బస్సులు మారి వెళ్తున్నా. రింగు రోడ్డు పొడవునా మెట్రో పని జరుగుతోంది కదా, సాయంత్రం ఆరున్నరకి బయల్దేరితే పీజీకి చేరేసరికి ఒక్కోరోజు తొమ్మిదవుతోంది, అప్పటికి మెస్సులో కూర అయిపోయి సాంబారే మిగులుతోంది.

బడ్జెట్ 45 వేలు. పేరు మార్పిడి, ఇన్సూరెన్సు, మొదటి సర్వీసు అన్నీ కలిపినా 50 దాటకూడదు. నాన్న కొత్తది ఈఎంఐలో తీసుకోమంటున్నారు కానీ తమ్ముడి కాలేజీ ఫీజు నేనే కడుతున్నా, ఇంకో ఈఎంఐ నెత్తిన పెట్టుకోలేను.

రెండు బండ్లు దృష్టిలో ఉన్నాయి. ఒకటి ఆన్‌లైన్ ప్రకటనలో చూసిన యాక్టివా 5జీ, 2018 చివర్లో రిజిస్ట్రేషన్, కేఏ 03 నంబరు, 31 వేల కిలోమీటర్లు తిరిగింది, 38 వేలు చెప్తున్నాడు. రెండోది మా మామయ్య ఫ్రెండుది, జూపిటర్ 2021, ఏపీ 39 నంబరు, 17 వేలు తిరిగింది, ధర్మవరంలో ఉంది, 45 వేలు. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. ఏది తీసుకోమంటారు?

కేఏ53_కుర్రాడు
రెండూ ఎక్కువ చెప్తున్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. కొత్త బండి రేటు దిగింది కాబట్టి పాతదాని రేటూ దిగాలి. పాత బండ్లు అమ్మేవాళ్లు మాత్రం ఇంకా ఆ ముందు రేటు పట్టుకునే కూర్చున్నారు. ఈ ఒక్క మాట పట్టుకుని బేరం మొదలుపెట్టు, మూడు నాలుగు వేలు అక్కడే తగ్గుతుంది.

మడివాళ_మెస్సు
సాంబారే మిగిలిందన్నావు చూడు, అక్కడే నాకు నీ బాధ అర్థమైపోయింది తల్లీ. బండి కొనేదాకా మా మడివాళ వైపు రా, పప్పు, గోంగూర అర్ధరాత్రి దాకా దొరుకుతాయి.

చిత్తూరోడు
ఏపీ నంబరు దగ్గర ఆగు చెల్లీ. నేను అది పడ్డవాణ్ణి. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకి మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 47 చెప్తుంది. అంటే ముందు ధర్మవరం వైపు ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ, అదే ఫారం 28, తెచ్చుకోవాలి. తర్వాత ఇక్కడ బండి వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, అప్పుడు కొత్త నంబరు. అక్కడ కట్టిన ట్యాక్సులో మిగిలింది వెనక్కి అడగొచ్చు, కానీ దానికోసం ఊరికి ఎన్నిసార్లు తిరగాలో లెక్క వేసుకో. నేను రెండు సార్లు సెలవు పెట్టి వెళ్లి, మూడోసారి ఇక వదిలేశాను.

45 వేల బండి నీ చేతికొచ్చి కేఏ నంబరు పడేసరికి 45 దగ్గర ఆగదు.

నెల్లూరమ్మాయి
చిత్తూరోడు చెప్పింది నిజమే కానీ తెలిసినవాళ్ల బండికి ఉండే ధైర్యం వేరు. నేను ఐదేళ్లు మా అన్న ఏపీ నంబరు బండి మీదే తిరిగాను, ఎవరూ ఏమీ అనలేదు.

చిత్తూరోడు
నిన్ను ఆపలేదు, నన్ను మూడు నెలల్లో రెండు సార్లు ఆపారు. ఊరి నుంచి తెచ్చి ఎన్నాళ్లయింది, రసీదు చూపించు అని. ఆఫీసుకు లేటైన రోజే ఆపుతారు. ఆపలేదని రూల్ లేకుండా పోదు కదా అక్కా.

బెల్టు_రోలరు
బీటీఎంలో మా బావతో కలిసి చిన్న గ్యారేజీ నడుపుతున్నా, పన్నెండేళ్లుగా రోజూ స్కూటర్లే విప్పుతున్నాను, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు చెల్లీ.

యాక్టివానా జూపిటరా అన్నది తర్వాత. రెండూ 110 సీసీ, రెండూ మంచివే. తేడా ఏంటంటే 5జీకి కార్బురేటర్, అది బీఎస్4 బండి, అంటే పొగ కాలుష్యం మీద పాత రూల్ నాటిది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 తప్పనిసరి అయ్యాక వచ్చినవాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్. కార్బురేటర్ పాడైతే ఏ వీధి మెకానిక్ అయినా కడిగి బిగిస్తాడు. ఇంజెక్షన్ బండి చలి పొద్దున కూడా ఒక్క సెల్ఫ్‌కి లేస్తుంది, కానీ సెన్సర్ తేడా చేస్తే స్కానర్ ఉన్నచోటికే తీసుకెళ్లాలి. ఇంకోటి, 5జీ దాకా యాక్టివాకి ముందుదీ వెనకదీ రెండు చక్రాలూ 10 అంగుళాలవి, ముందు సస్పెన్షన్ పాత పద్ధతిది. జూపిటర్‌కి మొదట్నించీ ముందు వెనక 12 అంగుళాల చక్రాలు, ముందు టెలిస్కోపిక్ సస్పెన్షన్. నీ దారిలో మహదేవపుర నుంచి మారతహళ్లి దాకా ఉన్న గుంతల్లో ఆ రెండు అంగుళాల తేడా నడుముకి తెలుస్తుంది.

ఇక చూడ్డం ఎలాగో చెప్తా. పొద్దున్నే వెళ్లు, ఆరున్నర ఏడులోపు. వస్తున్నానని ముందే చెప్పినా, బండి స్టార్ట్ చేయొద్దని గట్టిగా చెప్పు. వెళ్లగానే అరచెయ్యి సైలెన్సర్ దగ్గరికి పెట్టు, తాకొద్దు, దగ్గరికి పెడితే చాలు. వేడిగా ఉందంటే నువ్వొచ్చేలోపు వాడు బండి వేడెక్కించి పెట్టాడు, అంటే చల్లగా ఉన్నప్పుడు లేవడంలో ఏదో దాస్తున్నాడు. చల్లగా ఉంటే సెల్ఫ్ ఒకసారి, కిక్ ఒకసారి, రెండూ చూడు. స్టార్టయ్యాక రెండు నిమిషాలు వదిలేసి రేజ్ ఇచ్చి వెనక నుంచి చూడు, నీలంగా పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం, రింగులో వాల్వ్ సీళ్లో పోయాయి. ఆ బండి ఎంత తక్కువకిచ్చినా వద్దు.

మెయిన్ స్టాండ్ వేసి ముందు చక్రం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపు. టక్ టక్ అని ఆడితే కోన్ సెట్టో (హ్యాండిల్ తిరిగే బేరింగులు) సస్పెన్షన్ బుష్షులో అయిపోయాయి. అది పెద్ద ఖర్చు కాదు, బేరంలో తగ్గించుకో. తర్వాత నడుపు. కదిలేటప్పుడు బండి వణికితే క్లచ్ షూ లేదా రోలర్లు. రేజ్ పెరుగుతోంది కానీ బండి ముందుకి లాగట్లేదంటే బెల్టు జారుతోంది. 31 వేలు తిరిగిన బండికి బెల్టు మార్చారా అని అడుగు, 24 వేల దగ్గర మార్చాల్సిన వస్తువది. మార్చిన బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే లెక్క.

మీటరు నమ్మకు. హ్యాండిల్ గ్రిప్పులు, బ్రేక్ లివర్, కాళ్లు పెట్టే మ్యాటు చూడు. 17 వేలు తిరిగిన బండి గ్రిప్పు మీద గీతలు ఉండాలి, నున్నగా అరిగిపోయి మీటరు మాత్రం 17 చూపిస్తుంటే ఎక్కడో తేడా ఉంది. అధీకృత సర్వీసు సెంటర్‌కి నంబరు ఇస్తే గతంలో ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసయిందో చాలాసార్లు చెప్తారు.

హూడీ_చిన్ని
అన్నా, ఇదంతా ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. సైలెన్సర్ సంగతి మా ఆఫీసులో ఒక్కరూ చెప్పలేదు.

పాత_చేతక్
టైరు మీద తేదీ చూడటం కూడా చెప్పండి బెల్టు గారూ. టైరు పక్కన చిన్న అండాకారంలో నాలుగంకెలు ఉంటాయమ్మా, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. గుండు కాకపోయినా ఐదారేళ్లు దాటిన టైరు రబ్బరు గట్టిపడి వానలో జారుతుంది. మా నాన్నగారి చేతక్ రోజుల్లో ఇవేమీ తెలియవు, పెట్రోల్లో టూటీ ఆయిల్ కలిపి పోయించుకోవడం, స్టార్టవకపోతే బండిని పక్కకి వంచి కిక్ కొట్టడం, అంతే.

మడివాళ_మెస్సు
వంచి కిక్ కొట్టడం! మా ఇంట్లో అది నా డ్యూటీ, స్కూలుకి లేటైతే నాన్న కంటే నాకే కంగారు.

కరెంటు_బండి
రోజుకి 28 కిలోమీటర్లంటే కరెంటు స్కూటర్‌కి అచ్చంగా సరిపోయే దూరం. నెలకి పాతిక రోజులు వేసుకున్నా 700 కిలోమీటర్లు. పెట్రోల్ బండి లీటరుకి 42 ఇస్తే 16, 17 లీటర్లు, లీటరు 103 లెక్కన వేసుకున్నా 1,700 పైనే. కరెంటుకి అందులో ఐదో వంతు కూడా కాదు. బెల్టు లేదు, ఆయిల్ లేదు. పాత కరెంటు బండ్లు కూడా దొరుకుతున్నాయి, ఒకసారి చూడు.

నెల్లూరమ్మాయి
పీజీలో ప్లగ్ ఎక్కడ పెడుతుందండీ? మా పీజీలో ఐరన్ బాక్స్ పెడితేనే ఓనరు మెట్లెక్కి పైకొస్తాడు.

హూడీ_చిన్ని
అవును, కింద పార్కింగ్‌లో ప్లగ్ లేదు, అడిగాను, ఒప్పుకోలేదు. లేకపోతే నాకూ అదే ఇష్టం.

కరెంటు_బండి
అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఛార్జింగ్‌కి సొంత చోటు లేకుండా, అందులోనూ పాత బ్యాటరీతో, వద్దు. ఎవరైనా కొంటే బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు మిగిలింది, అది రెండో ఓనరుకి బదిలీ అవుతుందా, ఈ రెండూ రాతలో తీసుకోండి.

సంతకం_పెట్టినోడు
ఇంజిన్ సంగతి అన్న చెప్పాడు, నేను కాగితాల సంగతి చెప్తాను. దయచేసి ఇది దాటేయకండి.

2016లో బెంగళూరు వదిలి హైదరాబాద్ పోతూ నా స్కూటర్ ఒక బ్రోకర్‌కి అమ్మాను. పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకున్నాడు, తేదీ ఖాళీ. కొనేవాడు దొరకగానే పేరు మార్పిస్తా సార్, మీరు నిశ్చింతగా వెళ్లండి అన్నాడు. 19 వేలు చేతిలో పెట్టాడు. నేనూ నిశ్చింతగానే వెళ్లాను. రెండున్నరేళ్ల తర్వాత ఒంగోలులో మా నాన్నకి కోర్టు నోటీసు వచ్చింది. హొసకోటె దగ్గర నా బండి ఒక పెద్దాయన్ని గుద్దింది, ఆయన కాలు విరిగింది, బండికి ఇన్సూరెన్సు లేదు, నడిపిన కుర్రాడెవరో నాకు తెలియదు. ఆర్సీలో మాత్రం నా పేరు. బండి నేను అమ్మేశాను సార్ అంటే, రికార్డులో ఓనరు మీరే అన్నారు. పేరు మారనంతవరకు నష్టపరిహారానికి రిజిస్టర్డ్ ఓనరే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పిందని నా లాయరే నాకు చూపించాడు. చివరికి నేను కట్టింది బండికి వచ్చిన డబ్బుకి ఎన్నో రెట్లు. డబ్బు పోయింది సరే, నాన్న ఆ నోటీసు చేతిలో పట్టుకుని నాకు ఫోన్ చేసినప్పుడు ఆయన గొంతు వణికింది, అది ఇప్పటికీ మర్చిపోలేను.

అమ్మేవాళ్లకి చెప్తున్నా, అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేయాలి. కొనేవాళ్లు 30 రోజుల్లో పేరు మార్చుకోవాలి. చట్టంలో ఉన్న గడువులివి, బ్రోకర్ మాట కాదు.

చిన్నీ, నువ్వు కొనేదానివే అయినా నీకూ ఇదే వర్తిస్తుంది. నీ పేరు మీదకి రాని బండికి ప్రమాదం జరిగితే బండి మరమ్మతు క్లెయిము కూడా నీకు రాదు.

బాపట్ల_బాబాయ్
సంతకం_పెట్టినోడి మాట అక్షరం అక్షరం నిజం. నేను 1998 నుంచి ఈ ఊళ్లో ఉన్నాను, పాత స్కూటర్లు నాలుగు కొన్నాను, మూడు అమ్మాను. నా పద్ధతి ఒకటే. డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వను. అడ్వాన్స్ ఐదు వేలు, బండి తీసుకున్నరోజు చాలావరకు, చివరి ఐదు వేలు ఆర్సీలో నా పేరు పడ్డాకే. ముందే చెప్తాను, కాగితం మీద రాసుకుంటాను. ఒప్పుకోనివాడి దగ్గర కొనను.

డబ్బు కదలకముందే ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడమ్మా. ఓనరు పేరు మొదటి అక్షరాలైనా కలుస్తాయో లేదో, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉందో, ఫైనాన్స్ ఉందో కనిపిస్తుంది. ఆర్సీలో హెచ్‌పీ ఉందంటే ఆ బండి మీద ఇంకా అప్పు నమోదై ఉంది, బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 లేకుండా అది పోదు. ఇక ట్రాఫిక్ ఫైన్లు. బెంగళూరులో కెమెరాలకి పడే ఫైన్లు ఓనరుకే తెలియకుండా పేరుకుపోతాయి. 2023 ఫిబ్రవరిలో సగం రాయితీ ఇచ్చినప్పుడు జనం క్యూలు కట్టారు, గుర్తుందా. ట్రాఫిక్ పోలీసు సైట్‌లో గానీ బెంగళూరు వన్ సెంటర్లో గానీ నంబరు చెప్పి చూసుకో.

కేఏ53_కుర్రాడు
బాబాయ్, చివరి ఐదు వేలు ఆపుతానంటే ఈ రోజుల్లో ఎవరిస్తారు? పదిమంది లైన్లో ఉంటారు మంచి బండికి.

బాపట్ల_బాబాయ్
నాకు నలుగురూ ఇచ్చారు నాయనా. పేరు మార్చే ఉద్దేశం ఉన్నవాడికి ఆ ఐదు వేలు ఎలాగూ వస్తాయి, వాడికి భయమెందుకు?

నెల్లూరమ్మాయి
ఇన్సూరెన్సులో ఒక సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్‌కి ఐదేళ్ల థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఉండే ఇన్సూరెన్సు, ఒకేసారి తీసుకోవాలి. కాబట్టి అమ్మేవాళ్లు ఇన్సూరెన్సు ఉందండీ అంటారు, చూస్తే థర్డ్ పార్టీ ఒక్కటే బతికుంటుంది, బండి దొంగతనానికీ డ్యామేజీకీ పనికొచ్చేది ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. చిన్ని చూస్తున్న 2018 బండికైతే ఆ ఐదేళ్లు 2023లోనే అయిపోయాయి. తర్వాత కట్టాడో లేదో అడుగు. ఇంకోటి, నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు. పాత ఓనరు తగ్గింపు నీకు రాదు.

చిత్తూరోడు
2022 సెప్టెంబర్ వరదలు మర్చిపోకండి. బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో రెండేసి రోజులు మునిగిన స్కూటర్లు ఎన్నో. అవి కడిగి తుడిచి ఎక్కడో ఒకచోట అమ్ముడయ్యే ఉంటాయి.

బెల్టు_రోలరు
మంచి మాట. డిక్కీ కింద ప్లాస్టిక్ డబ్బా పైకెత్తి టార్చి వెయ్యి. ఎర్రమన్ను చార ఒకే ఎత్తులో చుట్టూ గీత గీసినట్టు ఉంటే మునిగిన బండే. మీటరు అద్దం లోపల ఆవిరి మచ్చ, స్క్రూల తలల మీద తుప్పు. ఆయిల్ డిప్‌స్టిక్ తీస్తే పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. ముట్టుకోకు.

హూడీ_చిన్ని
ఆదివారం పొద్దున ఆరు నలభైకి వెళ్లాను, మా పీజీ రూమ్మేట్‌ని తోడు తీసుకుని. ఏం జరిగిందో వరసగా చెప్తా.

సైలెన్సర్ వేడిగా ఉంది. పాలు తెచ్చుకోవడానికి వెళ్లొచ్చానన్నాడు, సరే అనుకున్నా. నీలం పొగ లేదు. ముందు చక్రం ఊపితే టక్ అంది. బెల్టు మార్చారా అంటే మార్చాననే అన్నాడు, బిల్లు లేదన్నాడు. ఇవన్నీ పర్లేదు, బేరం చేద్దామనుకున్నా. తర్వాత ఆర్సీ అడిగితే ఫోన్‌లో ఫోటో చూపించాడు, అందులో పేరు వేరే ఎవరిదో. ఫ్రెండ్ బండి అన్నాడు. ఫ్రెండ్ ఎక్కడున్నాడంటే పూణే. అంటే ఇతను కొన్నాడు గానీ తన పేరు మీదకి మార్చుకోలేదు! సంతకాలున్న ఫారాలు నా దగ్గరున్నాయి మేడం, మీరు నేరుగా మీ పేరు మీదకి మార్పించుకోండి అన్నాడు. అక్కడే నిలబడి యాప్‌లో చూస్తే హెచ్‌పీ ఉంది, ఇన్సూరెన్సు 2023తో సరి. ఫైన్లు ఏడు.

నాకు వెంటనే ఒంగోలు నోటీసు గుర్తొచ్చింది. వద్దండీ అని చెప్పి వచ్చేశాం. 32 వేలకిస్తానని వెనక నుంచి పిలిచాడు కూడా.

సంతకం_పెట్టినోడు
నేను రాసింది ఒక్కరికైనా పనికొచ్చింది. చాలా సంతోషంగా ఉంది తల్లీ. ఆ పూణే అతనికి కూడా తెలిస్తే బాగుండు తన పేరు మీద ఏం తిరుగుతోందో.

మడివాళ_మెస్సు
ఏడు ఫైన్లు! పాలు తేవడానికి సిగ్నళ్లన్నీ దాటుకుంటూ వెళ్తున్నట్టున్నాడు.

బాపట్ల_బాబాయ్
మంచి పని చేశావమ్మా. తొందరపడకు. ఆన్‌లైన్లోనే వెతకకు. మీ వీధిలో ఇస్త్రీ అతన్ని, కిరాణా కొట్టాయన్ని అడుగు. ఎవరింట్లో బండి కవరు కప్పి మూలన పడుందో వాళ్లకే తెలుస్తుంది. నా నాలుగు బండ్లలో రెండు అలా దొరికినవే.

హూడీ_చిన్ని
బాబాయ్, మీ మాట విని కిరాణా కొట్టాయన్ని అడిగితే నిజంగానే దొరికింది! మా వెనక వీధిలో రిటైర్డ్ టీచర్ ఒకావిడ, కన్నడవాళ్లు. యాక్టివా 6జీ, 2020 నవంబర్, కేఏ 53, ఒకే ఓనరు, 11 వేల కిలోమీటర్లు. మోకాలు ఆపరేషనయ్యాక నడపడం మానేశారట, ఎనిమిది నెలలుగా కదల్లేదు. 52 అడిగారు. కవరు తీస్తే డిక్కీలో మడతపెట్టిన పాత న్యూస్‌పేపరు, ఒక గుడ్డ, సర్వీసు బిల్లులన్నీ రబ్బరు బ్యాండ్ వేసి ఒక ప్లాస్టిక్ కవర్లో. నాకు ఆ బిల్లులు చూడగానే కొనేయాలనిపించింది. కానీ బండి స్టార్ట్ కాలేదు. సెల్ఫ్ నొక్కితే టిక్ అని ఊరుకుంది. ఇంజిన్ చెన్నాగిదె మా (బాగుందమ్మా) అంటున్నారావిడ, నాకేమో టెన్షన్. కొనొచ్చా?

బెల్టు_రోలరు
కొనొచ్చు, కానీ తక్కువ తిరిగింది కదా అని ఖర్చు ఉండదనుకోకు. స్కూటర్లో సగం రబ్బరు, అది కిలోమీటర్లతోనే కాదు, ఏళ్లతో కూడా పాడవుతుంది. నిలబడిపోయిన బండికి వరసగా ఇవి చూడాలి.

టిక్ అని ఊరుకుందంటే బ్యాటరీ పడుకుంది. ముందు కిక్ కొట్టి చూడు. ట్యాంకులో ఎనిమిది నెలల పాత పెట్రోల్ ఉంది, ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది, అది గాల్లో తేమ పీలుస్తుంది, కాబట్టి పాతది తీయించేసి కొత్తది పోయించు. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ రెండూ మార్చాలి, ఆయిల్‌కి కాలమూ లెక్కే. టైర్లు 2020వే అయితే నీ దారికి అవి వద్దు. బ్రేక్ షూలు చూడాలి. బెల్టు విప్పి పగుళ్లు ఉన్నాయేమో చూడాలి, బాగుంటే అలాగే బిగించొచ్చు. ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడు, కవరు కప్పిన బండంటే వాటికి ఇల్లు.

ఈ ఖర్చంతా ఆవిడకి మర్యాదగా చెప్పు. దాచినవాళ్లతో గట్టిగా మాట్లాడాలి, బిల్లులు రబ్బరు బ్యాండేసి పెట్టుకున్న మనిషితో లెక్క చూపిస్తే చాలు.

కేఏ53_కుర్రాడు
6జీ అంటే ముందు 12 అంగుళాల చక్రం, టెలిస్కోపిక్, పెట్రోల్ మూత బయటే, సీటు ఎత్తక్కర్లేదు. 5జీ కంటే నీకిదే నయం. వెనక చక్రం మాత్రం 10 అంగుళాలే.

నెల్లూరమ్మాయి
2020 నవంబర్ అంటే ఐదేళ్ల థర్డ్ పార్టీ కూడా అయిపోయింది చూసుకో. ఇన్సూరెన్సు చేయించకుండా కాంపౌండ్ దాటించకు, మెకానిక్ దగ్గరికి కూడా నడుపుకుంటూ వద్దు.

హూడీ_చిన్ని
కొనేశాను! మూడు వారాలు పట్టింది, అందుకే రాయలేకపోయా.

ఖర్చుల కాగితం పట్టుకెళ్లి చూపిస్తే ఆంటీ కళ్లజోడు పెట్టుకుని ఒక్కో లైనూ చదివి, పెన్నుతో కూడిక సరిచేసి (నేను వంద తప్పేశాను), 46 వేలకి ఒప్పుకున్నారు. బాబాయ్ చెప్పినట్టు చివరి ఐదు వేలు ఆర్సీ వచ్చాక ఇస్తానంటే, అదే పద్ధతి, మా ఆయన కూడా అలాగే చేసేవారు అన్నారు. బ్యాటరీ 1,200, రెండు టైర్లు 3,200, ఆయిళ్లు, బ్రేక్ షూలు, లేబరు కలిపి 1,900. బెల్టు బాగానే ఉందన్నారు. ఇన్సూరెన్సు, పేరు మార్పిడి వేరే. బడ్జెట్ ఐదు వేల దాకా దాటింది, ఒక నెల జీతంలో సర్దుకున్నా.

పేరు మార్పిడిలో రెండుచోట్ల ఇరుక్కున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. ఒకటి, ఆర్సీకి లింకైన ఫోన్ నంబరు ఆవిడ కొడుకుది, అతను ఇప్పుడు విదేశంలో ఉన్నాడు, ఆ నంబరు పనిచేయట్లేదు, ఓటీపీ ఎటు పోతుందో తెలియదు. ముందు నంబరు మార్పించాకే ఫారాలు కదిలాయి. రెండు, నా ఆధార్ ధర్మవరం అడ్రసుతో ఉంది, ఇక్కడి అడ్రసుకి రుజువు అడిగారు. పీజీ ఓనరు రెంటల్ అగ్రిమెంటు ఇవ్వడానికి పది రోజులు తిప్పాడు. పీజీల్లో ఉండేవాళ్లు బండి వెతకడానికి ముందే ఆ కాగితం తీసి పెట్టుకోండి.

నిన్న ఆర్సీలో నా పేరు చూశాను. స్క్రీన్‌షాట్ నాన్నకి పంపితే, తిరిగి ఫోన్ చేసి మాట్లాడకుండా కాసేపు అలా ఉండిపోయారు, తర్వాత హెల్మెట్ మంచిది కొన్నావా అని అడిగారు.

బాపట్ల_బాబాయ్
ఐదు వేలు ఇచ్చేశావా ఆవిడకి?

హూడీ_చిన్ని
నిన్న సాయంత్రమే ఇచ్చాను బాబాయ్, మైసూర్ పాక్ కూడా తీసుకెళ్లా.

మడివాళ_మెస్సు
మాకేదీ మైసూర్ పాక్?

పాత_చేతక్
వానాకాలం గురించి ఒక మాటమ్మా. నీళ్లు కాళ్లు పెట్టుకునే చోటు దాకా వస్తే దిగి పక్కన ఆగిపో. నీళ్లల్లో బండి ఆగిపోతే సెల్ఫ్ అస్సలు నొక్కకు, ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లుంటే అప్పుడే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తోసుకుని ఒడ్డుకు తెచ్చి మెకానిక్‌కి చూపించు.

హూడీ_చిన్ని
మూడు నెలలయింది, సంగతులు చెప్తా. లీటరుకి 44 ఇస్తోంది, ట్రాఫిక్ మరీ ఎక్కువున్న వారం 40. ఆఫీసు నుంచి 55 నిమిషాల్లో వచ్చేస్తున్నా, కూర దొరుకుతోంది. టైర్లలో గాలి ముందు 22, వెనక 29 అని కాగితం రాసి డిక్కీలో అతికించా, బంకులో అడక్కపోతే వాళ్లు రెండింటికీ 35 కొట్టేస్తున్నారు, ఆ రోజంతా బండి రాళ్ల మీద నడిచినట్టుంటుంది. ఒక పంక్చరు, ట్యూబ్‌లెస్ కాబట్టి పావుగంటలో పనైంది.

రూమ్మేట్‌ని ఎక్కించుకుంటే మాత్రం కదిలేటప్పుడు వెనక నుంచి గర్ అని చిన్న వణుకు. ఒక్కదాన్నే ఉంటే రాదు. ఇరవై దాటగానే పోతుంది. బెల్టేనా అన్నా?

బెల్టు_రోలరు
బెల్టు కాకపోవచ్చు, ఎనిమిది నెలలు కదలకుండా ఉంది కదా, క్లచ్ బెల్ లోపల సన్నగా తుప్పు పట్టి ఉంటుంది. విప్పి ఎమరీ పేపరు కొట్టి తుడిస్తే చాలాసార్లు పోతుంది. ఇద్దరెక్కినప్పుడు వెనక గాలి 36 పెట్టు, అది కూడా మర్చిపోకు. ఆదివారం పదింటికి బీటీఎం తీసుకురా చెల్లీ, ముందుండి విప్పించి చూపిస్తా, రోలర్లు ఎలా అరుగుతాయో నువ్వూ చూద్దువు.

హూడీ_చిన్ని
వస్తాను అన్నా. మైసూర్ పాక్ రెండు డబ్బాలు తెస్తా, ఒకటి మడివాళలో దింపాలి.